ఆటిజం ముఖంలో కనిపిస్తుందా? ముఖం తీరు వేరు, కవళికల తీరు వేరు

ప్రశ్న ఇది: ఆటిజం ఉన్న పిల్లల్ని నలుగురైదుగురిని ఒకచోట చూస్తే అందరికీ ఏవో పోలికలున్నట్టు అనిపిస్తుంది. నిజంగానే ఆటిజానికి ప్రత్యేకమైన ముఖ లక్షణాలున్నాయా, లేక ముఖంలో భావాలు పలికే తీరు వల్ల అలా అనిపిస్తుందా?

ముందు జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను. డౌన్ సిండ్రోమ్‌ను చాలామంది చూడగానే పోల్చుకుంటారు. ఆటిజాన్ని అలా పోల్చుకోలేం. ఆటిజానికంటూ ఒక ముఖం లేదు. ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి ముఖ నిర్మాణం: నుదురు వెడల్పు, కళ్ల మధ్య దూరం, చెవుల ఆకారం లాంటివి. రెండోది ముఖం కదిలే తీరు: నవ్వు ఎప్పుడు వస్తుంది, ఎవరివైపు చూస్తూ వస్తుంది, ఎంతసేపు ఉంటుంది. నిర్మాణంలో తేడాలు కొలతల్లో దొరుకుతాయి గానీ కంటికి ఆనవు. కవళికల్లో తేడా నిజంగానే ఉంది, కానీ అది అందరిలో ఒకే అచ్చులో ఉండదు.

నిర్మాణం సంగతి ముందు చూద్దాం. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే వాళ్ల ముఖాల ప్రస్తావన ఉంది. తెలివి ఉట్టిపడే ముఖాలని రాశాడు. వారిలో కొందరి తలలు కాస్త పెద్దవని కూడా గమనించాడు. ముఖం చూస్తే ఏ లోపమూ కనిపించదన్న మాట అక్కడి నుంచే మొదలై చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

త్రీడీ కెమెరాలు వచ్చాక పరిశోధకులు ముఖాలను మిల్లీమీటర్లలో కొలవడం మొదలుపెట్టారు. 2011లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం బృందం 8 నుంచి 12 ఏళ్ల అబ్బాయిల ముఖాలపై 17 బిందువులు గుర్తించి, వాటి మధ్య దూరాలు లెక్కగట్టింది. ఆటిజం ఉన్నవాళ్లు 60 మందికి పైగా, లేనివాళ్లు 40 మందికి పైగా ఉన్నారు. సగటున తేలింది ఏమిటంటే, ఆటిజం ఉన్న అబ్బాయిల్లో ముఖం పైభాగం, కళ్లు కాస్త వెడల్పు. బుగ్గలూ ముక్కూ ఉన్న మధ్యభాగం కాస్త పొట్టి. నోరు, ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉండే గాడి కాస్త వెడల్పు. 2017లో పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగిన మరో అధ్యయనం యుక్తవయసు రాని అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ పరిశీలించింది. ఆటిజం ఉన్న పిల్లల ముఖ కొలతలు ఇద్దరిలోనూ కాస్త మగపోలిక వైపు ఉన్నాయని తేల్చింది.

‘ఆటిజం ముఖ లక్షణాలు ఇవే’ అంటూ ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాలకు మూలం ఎక్కువగా ఇలాంటి అధ్యయనాలే. జాబితాలు రాసేవాళ్లు వదిలేసే ముక్క ఒకటుంది. అది ‘సగటున’ అన్న మాట. రెండు గుంపుల సగటుల మధ్య తేడా అర స్టాండర్డ్ డీవియేషన్ (కొలతలు సగటుకు అటూఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే లెక్క) ఉందనుకోండి. ఇలాంటి పరిశోధనల్లో అది మధ్యస్థమైన తేడా కిందే లెక్క. అంత తేడా ఉన్నా రెండు గుంపులూ దాదాపు 80 శాతం ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. ఒక్కో గుంపు నుంచి ఒకరిని తీసి, ఆ ఒక్క కొలత చూసి ఎవరు ఏ గుంపో చెప్పమంటే 100 సార్లలో 64 సార్లు సరిగ్గా చెప్పగలం. నాణెం ఎగరేసినా 50 సార్లు సరిపోతుంది. అంటే సొంత పిల్లవాడి ఫొటో ముందు పెట్టుకుని నుదురు వెడల్పుగా ఉందా అని చూసుకోవడం వల్ల తెలిసేది ఏమీ లేదు. వెడల్పు నుదురు నాన్నదో అమ్మమ్మదో అయ్యుండే అవకాశమే చాలా ఎక్కువ. పైగా 2011 నాటి అధ్యయనంలో అమ్మాయిలు లేరు. ఒక జనాభాలో తీసిన కొలతలు వేరే జనాభాకు అతకవు కూడా, ఎందుకంటే ముక్కు, కళ్లు, దవడ తీరు వంశాన్ని బట్టి మారే తేడా ఆటిజం వల్ల వచ్చే తేడా కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

అసలు ముఖానికీ మెదడుకీ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఉంది. గర్భంలో నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు ముఖం రూపుకడుతుంది. మెదడు ముందుభాగం కూడా అప్పుడే, దాన్ని ఆనుకునే పెరుగుతుంది. ముఖపు ఎముకలుగా మారే కణాలు మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం అంచుల నుంచే బయలుదేరి వస్తాయి. ఆ దశలో ఏదైనా గట్టి దెబ్బ తగిలితే రెండింటిమీదా గుర్తు మిగలొచ్చు. థాలిడోమైడ్ మందు ఇందుకు ఉదాహరణ. గర్భం దాల్చిన 20 నుంచి 24 రోజుల మధ్య ఆ మందు ప్రభావం పడ్డ కొందరిలో చెవుల ఆకారం దెబ్బతినడంతోపాటు ఆటిజం కూడా కనిపించిందని స్వీడన్ పరిశోధకులు 1994లో ప్రచురించారు. ఫిట్స్‌కు వాడే వాల్ప్రోయేట్ కూడా ఇలాంటిదే. గర్భిణులు వాడితే బిడ్డ ముఖ నిర్మాణంలో మార్పులు రావచ్చు, ఆటిజం వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఇది చదివి ఎవరూ ఆ మందు సొంతంగా ఆపేయకూడదు. ఫిట్స్ తిరగబెడితే తల్లికీ బిడ్డకీ ముప్పు. గర్భం కావాలనుకునే ముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి.

ముఖం చూడటం నిజంగా అక్కరకొచ్చే చోటు వేరే ఉంది. ఆటిజం ఉన్నట్టు తేలాక, దాని వెనక ఫలానా జన్యు కారణం ఏదైనా ఉందా అని వెతికేటప్పుడు డాక్టర్ ముఖాన్ని, చర్మాన్ని, తలను శ్రద్ధగా చూస్తారు. ‘ఆటిజం పోలిక’ అని జనం అనుకునేది కొన్నిసార్లు ఇలాంటి సిండ్రోమ్ పోలికే.

ఫ్రాజైల్ ఎక్స్ వీటిలో బాగా తెలిసింది. పొడుగు ముఖం, పెద్ద చెవులు, ముందుకొచ్చిన దవడ, వదులైన కీళ్లు. అయితే ఈ రూపం యుక్తవయసు దాటాక స్పష్టపడుతుంది, మూడేళ్ల పిల్లవాడిలో ముఖం మామూలుగానే ఉండొచ్చు. అందుకే ముఖం చూసి ‘అలా లేడు కదా’ అని పరీక్ష మానుకోకూడదు. ఆటిజం ఉన్న వందమందిని పరీక్షిస్తే ఒకరిద్దరిలో ఇది బయటపడుతుంది. చిన్న శాతమే. కానీ దొరికితే తల్లి తరఫు బంధువులకూ తర్వాతి కాన్పుకూ సంబంధించిన సమాచారం అది.

ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో చర్మమే చెబుతుంది. ఒంటిమీద ఆకు ఆకారంలో తెల్లటి మచ్చలు పుట్టినప్పటి నుంచే ఉండొచ్చు. తెల్లటి చర్మం మీద మామూలు వెలుతురులో కనబడకపోతే వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద తేలతాయి. కాస్త పెద్దయ్యాక ముక్కుకు రెండు వైపులా, బుగ్గలమీద ఎర్రటి చిన్న పొక్కులు వస్తాయి. వీటిని మొటిమలనుకుని ఏళ్లతరబడి క్రీములు రాస్తుంటారు. అయిదారేళ్ల పిల్లలకు సాధారణంగా మొటిమలు రావన్న సంగతి గుర్తుంటే చాలు. ఆటిజం, ఫిట్స్, ఈ పొక్కులు, తెల్లమచ్చలు కలిసి ఉంటే ఆలస్యం చేయకూడదు, మూత్రపిండాలనూ గుండెనూ కూడా పరీక్షించాలి.

ఏంజెల్‌మన్ సిండ్రోమ్‌లో వెడల్పు నోరు, ఊరికే నవ్వుతూ ఉండటం, తూలుతూ నడవడం ఉంటాయి. కార్నీలియా డి లాంజ్‌లో కనుబొమలు మధ్యలో కలిసిపోయి ఉంటాయి, చేతులు, పాదాలు చిన్నవి. కనుబొమలు కలిసిన మామూలు మనుషులు కోకొల్లలు కాబట్టి ఒక్క లక్షణం చూసి దేన్నీ నిర్ణయించరు. నాలుగైదు చిన్న తేడాలు ఒకరిలోనే కూడినప్పుడే డాక్టర్‌కు అనుమానం వస్తుంది.

తల చుట్టుకొలత మాత్రం ప్రతి పిల్లవాడికీ కొలవాలి. ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు 15 శాతం మందికి తల వయసుకు మించి పెద్దగా ఉంటుంది. సాగని టేపు తీసుకుని, ముందు కనుబొమలకు కాస్త పైన, పక్కల చెవులకు పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట మీదుగా చుట్టాలి. జడలు, క్లిప్పులు తీసేయాలి. మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చినదాన్ని రాసుకోవాలి. అమ్మానాన్నల తలలు కూడా కొలవాలి, ఎందుకంటే పెద్ద తల చాలా ఇళ్లలో వంశపారంపర్యమే, దానివల్ల ఇబ్బందేమీ ఉండదు. తల మరీ పెద్దదైతే పీటీఈఎన్ అనే జన్యువును పరీక్షిస్తారు. ఆ జన్యువులో లోపం ఉన్నవాళ్లకు పెద్దయ్యాక కొన్ని క్యాన్సర్ల ముప్పు ఎక్కువ కాబట్టి ముందే తెలియడం మేలు.

రూపంలో ఏ తేడా లేకపోయినా ఆటిజం నిర్ధారణ అయ్యాక క్రోమోజోమల్ మైక్రోఅర్రే (క్రోమోజోముల్లో ముక్కలేవైనా తగ్గాయా, ఎక్కువయ్యాయా అని చూసే పరీక్ష), ఫ్రాజైల్ ఎక్స్ పరీక్షలు చేయించమని జన్యు నిపుణులు సాధారణంగా సలహా ఇస్తారు. మైక్రోఅర్రేలో పదిమందిలో ఒకరికి అటూఇటూగా కారణం దొరుకుతుంది. రిపోర్టులో ఏమీ రాలేదంటే ఆటిజం లేదని అర్థం కాదు. ఆ పరీక్ష వెతికేది కారణాన్ని. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులు పడే గందరగోళం అంతా ఇంతా కాదు.

సిండ్రోమ్ ఏదీ లేని పిల్లల్లో కూడా పోలిక ఎందుకు కనబడుతుంది? ఎముకల వల్ల కాకుండా కండరాల వల్ల. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి కండరాల బిగువు తక్కువ. బుగ్గలు కాస్త జారినట్టు, నోరు కొద్దిగా తెరుచుకుని, పెదవులు వదులుగా ఉంటాయి. కొందరికి చొంగ కారుతుంది. చూపు పక్కకో పైకో ఉంటుంది. వెలుతురు గిట్టక కళ్లు చిట్లిస్తుంటారు. ఇవన్నీ కలిస్తే చూసేవాళ్లకు ‘ఒకేలా ఉన్నారు’ అనిపిస్తుంది. ఇందులో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. నోరు తెరుచుకుని ఉండటాన్ని ఆటిజం ఖాతాలో వేసేసి వదిలేయడం పెద్ద పొరపాటు. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ వాచినా, అలర్జీతో ముక్కు మూసుకుపోయినా పిల్లలు నోటితోనే గాలి పీలుస్తారు, కళ్ల కింద నలుపు వస్తుంది, ముఖం నీరసంగా కనిపిస్తుంది. రాత్రి గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, తరచూ చెవినొప్పి కూడా ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. ఎడినాయిడ్స్ వల్ల మధ్య చెవిలో నీరు చేరితే వినికిడి తగ్గుతుంది, అప్పుడు పిలిచినా పలకడు. ఆటిజానికి వినికిడి లోపం తోడైతే మాట ఇంకా వెనకబడుతుంది.

ఆటిజం ఉన్నవాళ్లు వయసుకన్నా చిన్నగా కనిపిస్తారన్న మాట కూడా వింటుంటాం. దాన్ని లక్షణంగా నిలబెట్టే గట్టి ఆధారాలేవీ లేవు. చూపు, బట్టల ఎంపిక, మాట్లాడే తీరు వయసుకు తగ్గట్టు లేవనిపిస్తే చూసేవాళ్లు ముఖాన్ని కూడా చిన్నదిగా లెక్కగట్టడం సహజం.

ఇక అసలు విషయం కవళికలది. 2018లో 39 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. ఆటిజం ఉన్నవాళ్ల ముఖంలో భావాలు తక్కువసార్లు, తక్కువసేపు కనిపిస్తాయి. ఎదుటివాళ్ల ముఖంలోని భావం చూసి తమకు తెలియకుండానే అదే భావం తెచ్చుకోవడం తక్కువ. చూసేవాళ్లకు ఆ కవళికలు కాస్త వింతగా, అర్థం కానట్టుగా తోస్తాయి. కానీ భావం తీవ్రత తక్కువని తేలలేదు. పెద్ద శబ్దానికో ఘాటు వాసనకో ముఖం స్పందించే వేగం కూడా తగ్గలేదు. ముఖంలో భావం లేదు కాబట్టి లోపల భావమే లేదన్న పాత అపోహకు ఇది సూటిగా అడ్డు నిలుస్తుంది.

దగ్గరగా చూస్తే తేడా ఎక్కడుందో తెలియాలంటే సబ్బు బుడగలు చాలు. ఏడాదిన్నర పిల్లవాడి ముందు బుడగలు ఊదండి. మామూలుగా ఎదిగే పిల్లవాడు బుడగను చూసి నవ్వుతాడు, ఆ నవ్వుతోనే వెంటనే అమ్మవైపు తిరుగుతాడు, ‘చూశావా’ అన్నట్టు ఒక క్షణం ఆమె కళ్లలోకి చూసి మళ్లీ బుడగవైపు వెళ్తాడు. ఆటిజం ఉన్న పిల్లవాడూ అంతే సంబరంగా నవ్వుతాడు, గంతులేస్తాడు, చేతులు ఆడిస్తాడు. ఆ నవ్వు బుడగ దగ్గరే ఉండిపోతుంది. మరో బుడగ కావాలంటే అమ్మ ముఖం వైపు చూడకుండా ఆమె చేతిని పట్టి సీసా మీద పెడతాడు. నవ్వు ఉంది, అది ఎవరితోనూ పంచుకోవడం లేదు. ఆటిజం నిర్ధారణకు వాడే ఏడాస్-2 పరీక్షలో కవళికలకు సంబంధించి చూసేది ఇదే: ముఖంలోని భావం ఎదుటి మనిషివైపు మళ్లుతోందా లేదా అన్నది. ‘మావాడు బాగా నవ్వుతాడు, ఆటిజం ఎలా అవుతుంది’ అనే తల్లిదండ్రులకు చెప్పే జవాబు కూడా ఇదే.

కవళికలు అలా ఉండటానికి కారణం అందరిలోనూ ఒకటి కాదు. కొందరికి ముఖ కండరాలను అనుకున్నట్టు కదిలించడమే కష్టం, నవ్వమంటే పళ్లు బిగిస్తారు. ఫొటోల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదే మనిషి తనకిష్టమైన విషయం మాట్లాడేటప్పుడు చక్కగా నవ్వుతాడు. ఇంకొందరికి తమలో కలిగిన భావం ఏమిటో తామే పేరుపెట్టి చెప్పలేని స్థితి ఉంటుంది, దాన్ని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందిలో ఇది ఉంటుంది, మిగతా జనంలో నూటికి అయిదుగురిలోనే. అంటే మిగిలిన సగం మందికి తమ భావాలు బాగానే తెలుసు, వాటిని ముఖం చూపించే తీరే వేరు. శబ్దాలు, వెలుతురు, జనం ఎక్కువైనచోట ముఖం పూర్తిగా బిగుసుకుపోవడం మరో సంగతి. అప్పుడు మెదడు తనమీద పడుతున్న భారాన్ని తట్టుకునే పనిలో ఉంటుంది, ముఖానికి పని చెప్పే తీరిక దానికి ఉండదు.

కళ్లలోకి చూడకపోవడాన్ని మొండితనం కింద జమకట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017లో వచ్చిన ఒక స్కానింగ్ అధ్యయనంలో, ముఖాల కళ్లవైపే చూసేలా చేసినప్పుడు ఆటిజం ఉన్నవాళ్ల మెదడులో ముఖాలకూ భయానికీ స్పందించే లోపలి భాగాలు మామూలు కన్నా ఎక్కువగా పనిచేశాయి. చూపు కలపడం వాళ్లకు ఒత్తిడిగా ఉంటుందన్న మాట. కాబట్టి గడ్డం పట్టుకుని ‘నా కళ్లలోకి చూడు’ అని తిప్పడం మానేయాలి. మాట్లాడేటప్పుడు పక్కపక్కన కూర్చోవడం, పిల్లవాడు చూస్తున్న వస్తువును మన ముఖం దగ్గరికి తెచ్చుకుని దాని గురించి మాట్లాడటం, జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగడం మెరుగు.

అలాగని అందరి ముఖాలూ నిర్లిప్తంగా ఉంటాయనుకోవద్దు. కొందరి కవళికలు అవసరాన్ని మించి ఉంటాయి, నాటకంలో లాగా. చాలామంది పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎదుటివాళ్లను గమనించి ఎప్పుడు నవ్వాలో, కనుబొమలు ఎప్పుడు ఎత్తాలో నేర్చుకుని ఆచరిస్తుంటారు. మాస్కింగ్ అంటారు దీన్ని. బయట రోజంతా చలాకీగా కనిపించి ఇంటికొచ్చాక ముఖంలో ఏ కదలికా లేకుండా గంటలు గంటలు గదిలో ఉండిపోవడం దీని ఆనవాలు. ‘నిన్ను చూస్తే ఆటిజం ఉన్నట్టే లేదే’ అన్న మాట ఎక్కువగా వినేది వీళ్లే. నిర్ధారణ ఆలస్యమయ్యేదీ వీళ్లకే. ముఖం చూసి ఉందనడం ఎంత తప్పో, ముఖం చూసి లేదనడం అంతకన్నా నష్టం.

ఇందులో చూసేవాళ్ల పాత్ర కూడా ఉంది. 2017లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఆటిజం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ మాట్లాడుతున్న కొన్ని సెకన్ల వీడియోలు అపరిచితులకు చూపించి, వీళ్లతో స్నేహం చేస్తారా అని అడిగారు. ఆటిజం ఉందని చెప్పకపోయినా వాళ్లకు తక్కువ మార్కులు పడ్డాయి. అవే మాటలను కాగితం మీద అచ్చువేసి ఇస్తే ఆ తేడా మాయమైంది. అంటే చెప్పిన విషయంలో లోటు లేదు, పలికిన తీరే చూసేవాళ్లకు ఎక్కలేదు. తానూ ఆటిజం ఉన్న బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో చెప్పింది ఇదే: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది, నింద మాత్రం ఒకవైపే పడుతోంది.

దీనివల్ల ఇంట్లో ఎదురయ్యే అసలు ప్రమాదం నొప్పి విషయంలో. ఏడవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకుంటారు. రక్తం తీసేటప్పుడు పిల్లల ముఖాలను వీడియోలో నిశితంగా పరిశీలించిన 2004 నాటి అధ్యయనంలో ఆటిజం ఉన్న పిల్లల ముఖాల్లో నొప్పి స్పష్టంగానే కనిపించింది. తల్లిదండ్రుల అంచనా మాత్రం దాంతో సరిపోలలేదు. అందుకే ముఖంతోపాటు మారిన ప్రవర్తనను చూడాలి. కొత్తగా చెవిమీద కొట్టుకోవడం, దవడ పట్టుకోవడం, పొట్టను బల్ల అంచుకు అదుముకోవడం, ఉన్నట్టుండి తిండి మానేయడం, నిద్ర చెడటం, మామూలుగా ఊగేదానికన్నా వేగంగా ఊగడం. ఇవి కనిపిస్తే చెవులు, పళ్లు, మలబద్ధకం, ఈ మూడూ ముందు చూపించండి. పిల్లవాడి కవళికలకు ఒక చిట్టా రాసుకుంటే బాగా పనికొస్తుంది: ఏ కవళికకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, చేతులూ గొంతూ ఏం చేస్తున్నాయి. రెండు మూడు వారాల్లో తీరు తెలిసిపోతుంది. ఆ చిట్టా టీచర్‌కూ ఇవ్వండి.

ఇప్పుడు ఫొటో పెడితే ఆటిజం ఉందో లేదో చెప్తామనే యాప్‌ల సంగతి. 90 శాతం కచ్చితత్వం అని రాసుకుంటారు. ఈ రంగంలో చాలా ప్రోగ్రాంలకు నేర్పిన ఫొటోలు ఇంటర్నెట్‌లో ఏరి కూర్చినవి, ఆ పిల్లలకు ఆటిజం ఉందని ఏ డాక్టరూ నిర్ధారించిన దాఖలా లేనివి. ఒక గుంపు ఫొటోలు ఆటిజం వెబ్‌సైట్ల నుంచి, రెండోది ఇంకెక్కడి నుంచో వస్తే కంప్యూటర్ నేర్చుకునేది ముఖాన్ని కాదు, వెలుతురును, ఫొటో నాణ్యతను, చూపు కెమెరావైపు ఉందా లేదా అన్నదాన్ని. ఆ లోపాలన్నీ లేవనే అనుకుందాం. ఆటిజం ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 20 శాతాన్ని మాత్రమే పొరబడే యాప్ ఉందనుకోండి. వెయ్యిమంది పిల్లల్లో పదిమందికి ఆటిజం ఉంటే అది ఎనిమిదిమందిని పట్టుకుంటుంది, వాళ్లతోపాటు 198 మంది ఇతర పిల్లలకూ ఆటిజం అంటుంది. అది ‘ఉంది’ అన్న 26 మందిలో ఒక్కరికే నిజంగా ఉన్నట్టు. పిల్లల ఫొటోలు ఎవరి చేతికి పోతున్నాయన్నది వేరే బెంగ.

మరి చూడాల్సింది ఏమిటి? డాక్టర్లు నిర్ధారణకు వాడే అమెరికా మానసిక వైద్యుల సంఘం పుస్తకం డీఎస్ఎం-5 (2013) ప్రమాణాల్లో ముఖ నిర్మాణం ఊసే లేదు. ఇతరులతో మాట, చూపు, సైగ, స్నేహం నడిపే తీరులో మూడు రకాల ఇబ్బందులూ ఉండాలి. చేసిందే చేయడం, మార్పును తట్టుకోలేకపోవడం, ఒకే విషయంలో మునిగిపోవడం, శబ్ద స్పర్శలకు అతిగానో తక్కువగానో స్పందించడం అనే నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. కవళికలు మొదటిదానిలో ఒక చిన్న ముక్క మాత్రమే.

16 నుంచి 30 నెలల లోపు పిల్లలైతే ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పట్టిక నింపవచ్చు. 0 నుంచి 2 వస్తే ముప్పు తక్కువ. 3 నుంచి 7 వస్తే తేడా వచ్చిన ప్రశ్నలను వివరంగా మళ్లీ అడుగుతారు. 8, ఆపైన వస్తే నేరుగా పరీక్షకు పంపుతారు. ఇది జల్లెడ మాత్రమే, నిర్ధారణ కాదు. పేరు పెట్టి పిలిచి చూసేటప్పుడు పిల్లవాడు ఆటలో ఉండగా, పక్కనుంచి, మామూలు గొంతుతో, అయిదారు సెకన్ల విరామం ఇస్తూ మూడుసార్లు పిలవాలి. చప్పట్లు కొట్టి, చాక్లెట్ కవరు చప్పుడు చేసి పిలిస్తే తిరిగింది పేరుకు కాదు, చప్పుడుకు. పలకకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించాలి.

డాక్టర్ దగ్గరికి ఫొటోలు కాదు, వీడియోలు తీసుకెళ్లండి. ఒక్కోటి రెండు మూడు నిమిషాలు చాలు. ఫోన్‌ను అడ్డంగా, పిల్లవాడి కంటి ఎత్తులో ఒకచోట ఆనించి పెట్టండి. ఫ్రేములో పిల్లవాడి ముఖమే కాదు, ఆడించే పెద్దవాళ్ల ముఖమూ పడాలి, లేకపోతే ఎవరివైపు చూస్తున్నాడో తెలియదు. ‘నవ్వు నాన్నా, ఇటు చూడు’ అని మధ్యలో అందివ్వకండి. ఒంటరిగా ఆడుకునేది, ఎవరితోనైనా ఆడేది, తినేది, మీకు అనుమానం కలిగించే పని చేసేది, ఇలా నాలుగు రకాలు ఉంటే సరిపోతాయి. ఏడాది, ఏడాదిన్నర వయసులోని పాత వీడియోలు దొరికితే ఇంకా మంచిది, నేర్చుకున్న మాటలూ నవ్వులూ తర్వాత తగ్గాయా అన్నది వాటిలోనే తెలుస్తుంది.

ముఖంలో కొత్తగా వచ్చిన మార్పును మాత్రం ఆటిజం అనుకుని ఊరుకోవద్దు. చేస్తున్న పని మధ్యలో ఆపి శూన్యంలోకి చూస్తూ 5 నుంచి 20 సెకన్లు ఉండిపోయి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడితే అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. అప్పుడు భుజం తట్టి చూడండి. ఆలోచనలో మునిగిన పిల్లవాడైతే కదులుతాడు, ఫిట్స్ అయితే తట్టినా తెలియదు, కనురెప్పలు కొట్టుకోవచ్చు. వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపిస్తే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) చేస్తారు. విపరీతమైన చిరాకు, దూకుడు తగ్గించడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులు మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో ముఖం చెక్కబొమ్మలా బిగుసుకుని, నడక నెమ్మదించి, చేతులు వణికితే అది మందు ప్రభావం. సొంతంగా మానేయకుండా రాసిన డాక్టర్‌తో అదే రోజు మాట్లాడాలి. మెడ ఒక పక్కకు లాగేయడం, నాలుక బిగుసుకోవడం, కనుగుడ్లు పైకి వెళ్లిపోవడం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ముఖం ఒకవైపు ఉన్నట్టుండి జారిపోయినా అంతే, ఏ వయసు వారికైనా.